మొదటి బొట్టు

మా అక్క వీరలక్ష్మికి వాట్సాప్ శుభలేఖలంటే ఒళ్ళుమంట. "ఫోనులో పిలిచేవాళ్ళు భోజనం కూడా ఫోనులోనే పెడతారు కాబోలు" అని మూతి తిప్పేది. అందుకే తన కూతురు ఉమాశ్రీ పెళ్ళి కుదరగానే మూడు వందల శుభలేఖలు అచ్చు వేయించి, వాటికి నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ భరిణె సంచిలో వేసుకుని, ప్రతి గడపకీ తనే వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తానంది. "ఈ మే నెల ఎండల్లోనా? నీకేమన్నా పిచ్చా అక్కా?" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కూడా నా చేతులు లాప్‌టాప్ మీదే ఉన్నాయి, అక్క చెప్పేదాంట్లో సగమే చెవిన పడుతోంది.

ఆ పెళ్ళి సందడంతా కలిపి నాలుగు వారాలు. ఆ నాలుగు వారాల్లో నేను చేసిన నిర్వాకం చెప్పుకోవాలంటే నాకే సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను. ఎక్కడో ఒకచోట నిజం చెప్పకపోతే నేనిక బాగుపడను.

నా పేరు భానుశ్రీ. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ మేనేజర్ని. అంటే, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. పదిహేడేళ్ళుగా అదే పని. ఎక్కడ ఏ తప్పు జరిగినా అది మా టీముది కాదని రుజువు చేయడంలో బాగా చెయ్యి తిరిగినదాన్ని. మాది అమలాపురం దగ్గర. అమ్మ పోయాక నన్ను హైదరాబాదు తెచ్చుకున్నది అక్కే. బావగారు భీమేశ్వరరావుగారు నీటిపారుదల శాఖలో గుమాస్తా. లింగంపల్లిలో వాళ్ళ రెండు గదుల ఇంట్లో నాలుగేళ్ళు ఉండి ఇంజనీరింగ్ చదివాను. అక్క నాకంటే పదమూడేళ్ళు పెద్దది. కూతురు పుట్టినప్పుడు నా పేరులోంచి 'శ్రీ' తీసి దానికి పెట్టుకుంది.

అక్కకి ఒక అలవాటుండేది. రోజూ పదకొండింటికి, బావగారు ఆఫీసుకు వెళ్ళాక, వంట ముగించి, నాకు ఫోన్ చేసేది. "ఏం వండావే?" అని అడిగేది. పప్పుచారో, దొండకాయ వేపుడో చెప్తే "సరే, తిను" అని పెట్టేసేది. ఏళ్ళ తరబడి అదే మాట, అదే టైము. సరిగ్గా ఆ టైముకే సింగపూర్ క్లయింటుతో మా మీటింగు.

మార్చిలో నా పుట్టినరోజుకి మా ఆయన ఉదయ్ భాస్కర్ ఒక స్మార్ట్ వాచీ కొనిచ్చాడు. ఫోనుకి ఏమొచ్చినా చేతి మీద జివ్వుమంటుంది. కూర్చున్నచోటే జవాబివ్వొచ్చు, వద్దనుకుంటే నొక్కి పారేయొచ్చు. పది నుంచి ఒంటిగంట దాకా ఎవరి ఫోన్లు పడితే వాళ్ళవి మోగకుండా ఒక జాబితా పెట్టుకున్నాను. అందులో ఉన్న ఐదుగురివే మోగుతాయి. మా మేనేజరు, ఆ క్లయింటు, మా పాప భార్గవి స్కూలు, మా ఆయన, క్యాబ్ డ్రైవరు. అక్క పేరు కూడా చేర్చబోయి ఆగాను. చేరిస్తే రోజూ పదకొండింటికి 'ఏం వండావే' మోగుతుంది కదా, సాయంత్రం తీరిగ్గా నేనే చేద్దాంలే అనుకున్నాను. క్యాబ్ డ్రైవరుకి ఇచ్చిన చోటు మా అక్కకి ఇవ్వలేకపోయాను. సాయంత్రాలు ఒకటి రెండుసార్లు చేశానేమో, అంతే.

పిలుపులు మొదలయ్యే ముందు, ఒక సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే అక్క నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. రెండు నిమిషాల పన్నెండు సెకన్లు. అక్క రెండు నిమిషాల్లో ఏం చెప్తుందో నాకు తెలియదా? టెంటువాడు, పూలవాడు, వంటవాళ్ళు. ఇంటికెళ్ళి విందాంలే అనుకున్నాను. వినలేదని తెలిస్తే చిన్నబుచ్చుకుంటుందని వాచీ మీంచే ఒక బొటనవేలు బొమ్మ పంపాను. వెంటనే అటునుంచి నమస్కారాలు, పూలు, దీపాలు, ఒక బుట్టెడు బొమ్మలు వచ్చాయి. మురిసిపోయిందనుకున్నాను.

మర్నాడు మంగళవారం నాకు ఇంటి నుంచే పని. మాది గోపన్‌పల్లిలో పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయం, సి బ్లాకులో తొమ్మిదో అంతస్తు. మా బాల్కనీలో నిలబడితే రెండో గేటు కనిపిస్తుంది. ఉగాది తర్వాత ఆ గేటుకి కొత్తగా ఒక యాప్ తెచ్చారు. ఎవరొచ్చినా కాపలా మనిషి ఫోటో తీసి, పేరు కొట్టి పంపుతాడు. మన ఫోనులో, వాచీలో పచ్చ బటనూ ఎర్ర బటనూ వస్తాయి. పచ్చ నొక్కితే లోపలికి పంపుతారు, ఎర్ర నొక్కితే వెనక్కి. యాప్ వచ్చిందని ఇంటర్‌కమ్‌లు పీకేశారు. రోజుకి పది మంది వస్తారు, కొరియర్లు, నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాళ్ళు, ఇంటర్నెట్ కనెక్షన్లవాళ్ళు. పొద్దున పాలు, కూరలు అయిపోయాక వచ్చేదంతా అమ్మకాల బాపతే అని నాకొక లెక్క కుదిరిపోయింది. ఎర్ర బటను నొక్కడానికి నేను చూడను కూడా చూడను.

పదకొండు దాటాక వాచీ జివ్వుమంది. కర్టెన్లు వేసి, ఏసీ పెట్టుకుని, క్లయింటుకి ఏదో సంజాయిషీ ఇస్తున్నాను. బల్ల కింద చెయ్యి తిప్పి ఎర్ర బటను నొక్కాను. కాసేపటికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ నొక్కాను. ఇంకాసేపటికి మూడోసారి. "వీళ్ళ అమ్మకాలు తగలెయ్య" అని పళ్ళు నూరుతూ నొక్కాను. ఆ తర్వాత ప్రశాంతంగా ఉంది. మీటింగు బాగా జరిగిందని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. ఆ మీటింగు నుంచి ఇంకో మీటింగు, ఈ మధ్యలో పెరుగన్నం.

సాయంత్రం అయిదింటికి ఫోను చేతిలోకి తీసుకుంటే అక్క ఏడు మిస్డ్ కాల్స్. అన్నీ పదకొండుకీ పన్నెండుకీ మధ్యే.

గేటు యాప్ తెరిచాను. 'వీరలక్ష్మి. ఇద్దరు. బంధువులు.' మూడు సార్లు అదే, పక్కనే ఎర్రటి అక్షరాల్లో 'తిరస్కరించినవారు: భానుశ్రీ' అని మూడు సార్లు. వరస పక్కన గుండ్రంగా చిన్న చిన్న ఫోటోలున్నాయి. నొక్కితే పెద్దవవుతాయి. నాకు ధైర్యం చాల్లేదు. అప్పుడు గుర్తొచ్చి ముందురోజు వాయిస్ మెసేజ్ పెట్టుకుని విన్నాను.

"ఒసేయ్ భానూ, రేపు నువ్వు ఇంట్లోనేగా ఉండేది? పదకొండింటికి వస్తాను. మా పక్కింటి పార్వతమ్మని తోడు తెస్తున్నాను, ఒక్కదాన్నే బొట్టు పెట్టడానికి రాకూడదుగా. దేవుడి దగ్గర పెట్టాక మొదటి బొట్టు నీకే. నీకు పెట్టందే ఇంకో గడప తొక్కను. వచ్చే బుధవారం తొమ్మిదింటికి పసుపు దంచడం. మొదటి రోకలి నువ్వే పట్టాలి. ఉమ కూడా పిన్నే పట్టాలని కూర్చుంది. ఆ రోజు ఆఫీసూ గీఫీసూ అన్నావంటే చూడు. ఇంకా... ఇంకేదో చెబుదామనుకున్నానే, మర్చిపోయాను. వచ్చాక చెప్తాలే. వంకాయలు తెస్తున్నాను, కూర వండకు."

దానికి నేను బొటనవేలు పంపాను.

'అక్కా, చూసుకోకుండా నొక్కేశాను, నన్ను తిట్టు' అంటే అయిపోయేది. అక్క నన్ను నాలుగు దులిపి, తర్వాత నవ్వేసేది. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఫోన్ కలిసేసరికి నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"అక్కా! నువ్వొచ్చావా ఇవాళ? అయ్యో, నాకసలు తెలీనే తెలీదు. ఆ గేటు దగ్గర మనిషి నాకు కబురే పంపలేదు!"

"అలాగా" అంది అక్క. వెనకాల గ్రైండరు తిరుగుతున్న చప్పుడు.

"అలాగా ఏంటక్కా? ఎంత ఎండ! వాణ్ణి వదిలిపెడతానా?"

"అతనేం చేశాడే పాపం. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు."

"నీకు తెలీదు వీళ్ళ సంగతి. ఫోనులో బొమ్మలు చూసుకుంటూ కూర్చుంటారు, కబురు మాత్రం పంపరు."

అక్క గ్రైండరు ఆపింది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది. "నిజంగా నీకు కబురు రాలేదా భానూ?"

"నీ మీద ఒట్టు అక్కా."

"సరే, ఉమ పిలుస్తోంది, ఉంటాను" అని పెట్టేసింది. బొట్టు పెట్టడానికి మళ్ళీ ఎప్పుడొస్తావని అడగడం కూడా మర్చిపోయాను.

అబద్ధం ఒకటి ఆడాక దానికి ఆధారం కావాలిగా. మా అపార్ట్‌మెంట్ల గ్రూపులో రాశాను. పెళ్ళి పిలుపులకి వచ్చిన మా అక్కని రెండో గేటు కాపలా మనిషి నాకు చెప్పకుండా గంటసేపు ఎండలో నిలబెట్టి తిప్పి పంపాడు, ఇది మన సంస్కారమా అని. అరగంటలో డెబ్భై మంది స్పందించారు. ఇలాంటివాణ్ణి ఉంచకూడదన్నారు, ముందు నుంచీ అతని వాలకం అంతేనన్నారు. అతను ఎవరో కూడా తెలియనివాళ్ళే ఎక్కువ. అతని పేరు లింగమూర్తి. యాభై దాటిన మనిషి, ఆరేళ్ళుగా ఆ గేటు దగ్గరే ఉన్నాడు. భార్గవి స్కూలు బస్సు ఎక్కేటప్పుడు రోజూ చెయ్యి ఊపేవాడు.

మర్నాడు పొద్దున్నే మా సముదాయం మేనేజరు మధుకర్ ఫోన్ చేశాడు. "మేడం, ఏమనుకోకుండ్రి. సిస్టంల జూస్తే మూడు సార్లు మీ ఫ్లాట్ నుంచే రిజెక్ట్ అని ఉన్నది."

నా గొంతు పెరిగింది. "మధుకర్ గారూ, నేను పదిహేడేళ్ళుగా టెస్టింగులో ఉన్నాను. సిస్టం తప్పు చూపించడం ఎలా ఉంటుందో నాకు మీరు చెప్పాలా? అంటే నేను అబద్ధమాడుతున్నాననా?"

"అయ్యో, గట్లెందుకంట మేడం?"

"మరి చర్య తీసుకోండి."

"సరే మేడం. మనిషిని మారుస్తం" అన్నాడు. ఆ 'సరే'లో నాకు వినబడవలసింది వినబడింది. నేను వినబడనట్టు ఫోన్ పెట్టేశాను.

ఆ సాయంత్రం ఉదయ్ భాస్కర్ టీవీ చూస్తూ, ఫోను చూస్తూ, మధ్యలో నన్ను కూడా ఒకసారి చూసి అడిగాడు. "నువ్వు నొక్కలేదు కదా?"

"లేదన్నానుగా" అన్నాను.

"ఐతే వదిలెయ్" అని మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయాడు. ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. అతని మీద నెట్టడం కూడా నాకు అలవాటైన పనే.

శుక్రవారం నుంచి రెండో గేటు దగ్గర కొత్త మనిషి.

అక్క మళ్ళీ వస్తుందని ఎదురుచూశాను. శనివారం ఎక్కడికీ కదల్లేదు. గేటు దగ్గరికి స్వయంగా వెళ్ళి, వీరలక్ష్మిగారని వస్తారు, అడగకుండా పంపండి అని చెప్పొచ్చాను. అక్క శనివారం రాలేదు, ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే మణికొండలో పిలుపులకి తిరుగుతున్నామన్నారు బావగారు. మణికొండ నుంచి గోపన్‌పల్లి ఎంత దూరం? నేను అడగలేదు.

బొట్టు పెడితేనే వెళ్ళాలా, సొంత అక్క ఇంటికి? బుధవారం సెలవు పెట్టి, పసుపు రంగు పట్టుచీర కట్టుకుని బయల్దేరాను. నల్లగండ్ల దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. లింగంపల్లి వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. వీధి మొదట్లోకే రోకళ్ళ చప్పుడు వినబడుతోంది.

వాకిట్లో ముగ్గు మధ్య రోలు. రోకళ్ళకి పసుపు తోరాలు, మామిడాకులు. చుట్టూ అయిదుగురు ముత్తైదువులు. వాళ్ళలో అక్క ఒకతి, నాకు రావలసిన మొదటి రోకలి పార్వతమ్మ చేతిలో ఉంది. ఉమ పీట మీద కూర్చుని నన్ను చూసి "పిన్నీ!" అని లేవబోయింది, ఎవరో కూర్చోబెట్టారు.

"రా భానూ" అంది అక్క, దంచుతూనే. "నీకు ఆఫీసేమో అనుకున్నాను. కూర్చో. కాఫీ తాగుతావా?"

ఆ ఇంట్లో నన్ను కాఫీ తాగుతావా అని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కావాలంటే నేనే కలుపుకునేదాన్ని. ప్లాస్టిక్ కుర్చీలో, అటువైపు చుట్టాల పక్కన కూర్చున్నాను.

పార్వతమ్మది సంగారెడ్డి వైపు. నోరు మంచిదే గానీ దాచుకోవడం తెలియదు. "ఏం జేయాలె బిడ్డా" అంది నన్ను చూసి. "మీ గేటు కాడ గంటసేపు ఎండల నిలవడ్డందుకు గీ రోకలి నాకు దక్కింది."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అక్క "ఊరుకో పార్వతమ్మా" అంది. వాళ్ళూ ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్నే. ఆ నవ్వుకి నా ఒళ్ళు మండింది.

"అది మా గేటు మనిషి చేసిన పనండీ" అన్నాను, అందరికీ వినబడేటట్టు. "నాకు కబురే పంపలేదు. నేనూరుకున్నానా? కంప్లయింటు ఇచ్చి రెండు రోజుల్లో ఉద్యోగంలోంచి తీయించేశాను."

అక్క ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఆగింది. మిగతావి పడ్డాయి, దాని వంతు మాత్రం తప్పింది.

"తీయించేశావా?" అంది.

"మరి? నిన్ను నిలబెడితే ఊరుకుంటానా అక్కా?"

అక్క నా మొహంలోకి చూసింది. పమిటతో నుదురు తుడుచుకుని మళ్ళీ దంచసాగింది. పార్వతమ్మ కూడా ఎందుకో నవ్వడం మానేసి రోట్లోకే చూస్తూ దంచింది. నా కాఫీ ఉమ స్నేహితురాలెవరో తెచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రమే నా ఫోనులోకి వచ్చింది శుభలేఖ. వాట్సాప్‌లో. వినాయకుడు, కలశం, నాదస్వరం, అన్నీ కదులుతూ. కింద అక్క టైపు చేసిన వాక్యం, 'సకుటుంబ సపరివారంగా విచ్చేయవలెను'. ఉమని అడిగి తెలుసుకున్నాను, అక్క ఫోనులోంచి అలాంటి శుభలేఖ ఇంకెవరికైనా వెళ్ళిందా అని. "లేదు పిన్నీ, నీ ఒక్కదానికే. నాతోనే చేయించింది. అమ్మకి ఏమైంది?" అంది. ఏమో అన్నాను.

పెళ్ళి చందానగర్‌లో, ఒక ఫంక్షన్ హాలులో. పొద్దున పదింటి ముహూర్తం. మేం ముగ్గురం వెళ్ళాం. పిన్నివి కదా, ముందు వరసలోకి రా అని ఎవరో లాగారు. అక్క పిలవలేదు, పొమ్మనా లేదు. పెళ్ళిపీటల చుట్టూ చేయాల్సిన పనులు నూటొక్కటున్నాయి, వాటిలో ఒక్కటీ నాకు చెప్పలేదు. తలంబ్రాలు అయ్యాక ఉదయ్ భాస్కర్ భార్గవిని తీసుకుని ఐస్‌క్రీము కోసం వెళ్ళాడు. నేను భోజనాల వైపు నడిచాను.

వరస చివర బల్ల దగ్గర ఒకాయన తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. పక్కన భార్య, నుదుట రూపాయంత కుంకుమ. ఎక్కడో చూశాననుకుంటూ ఉండగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"బాగున్నరా మేడం?"

యూనిఫాం లేకపోయేసరికి లింగమూర్తిని పోల్చుకోలేకపోయాను.

"మీరు... ఇక్కడ?"

"అమ్మ బొట్టు వెట్టి పిలిచింది మమ్ముల" అన్నాడు. భార్యని చూపించాడు. "ఆ దినం మా ఇంటామె గప్పుడే నాకు అన్నం తెచ్చింది. 'మొదటి బొట్టు ఎనుకకు తీస్కపోవద్దు' అని అమ్మ ఈమెకే పెట్టి, కార్డు చేతికిచ్చింది. వంకాయలు గూడ మాకే ఇచ్చిపోయింది."

ఆవిడ నన్ను చూసి మొహమాటంగా నవ్వింది. నాకు రావలసిన బొట్టు ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది.

"లింగమూర్తి గారూ, మీ ఉద్యోగం..."

"ఫికర్ లేదు మేడం. మీ బావ సారు వాళ్ళ కాలనీ గేటు కాడ పెట్టించిండు. గక్కడ ఏ యాప్ లేదు. ఎవలొచ్చినా పేరు అడుగుత, పంపుత." ఆయన గొంతులో కోపం వెతికాను, దొరకలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు. "నేను మూడు మార్లు పంపిన మేడం. అమ్మ నాకు ఎరుకే గని, పచ్చ రాంది తెలిసినోళ్ళనైనా పంపొద్దని రూలు. మొదటిసారి ఫోటో తీస్తుంటే కొంగు సర్దుకొని, 'మా చెల్లెలు చూస్తుంది, బాగా తీయండి' అన్నది. ఎర్రగ వచ్చినంక నేను సిగ్నల్ లేదమ్మా అన్న. మూడోసారి అమ్మనే నా చేతిలకెల్లి ఫోను తీస్కొని చూసింది."

నేను హాలు వెనక చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి గేటు యాప్ తెరిచాను. మూడు వారాలుగా తెరవని ఫోటోలు తెరిచాను. మొదటిదాంట్లో అక్క కొంగు భుజం మీదికి లాక్కుని, కుంకుమ భరిణె గుండెలకి ఆనించుకుని, నేను అవతల ఉన్నట్టే నవ్వుతోంది. పక్కన పార్వతమ్మ సగమే పడింది. రెండోదాంట్లో కూడా నవ్వుతోంది గానీ, మొహమంతా చెమట. మూడోదాంట్లో కుర్చీలో కూర్చుని పక్కకి చూస్తోంది. ఆ మూడు ఫోటోలూ ఆ రోజు నా చేతి మీదే వచ్చాయి. ఒక్కసారి తల వంచి చూసి ఉంటే సరిపోయేది. ఏడుపు ఆగలేదు.

అక్షింతల పళ్ళెంతో అక్క అటుగా వచ్చింది. దారికి అడ్డంగా నిలబడ్డాను.

"అక్కా, ఆ రోజు నొక్కింది నేనే."

"తెలుసు" అంది.

"మరి సాయంత్రం నన్ను నిలదీయలేదేం?"

"అడిగాను కదే."

అవును, అడిగింది. నేను ఒట్టు వేశాను, అదీ తన మీదే.

"నువ్వు నొక్కినందుకు నాకు కోపం రాలేదు భానూ" అంది అక్క. గొంతు పెంచలేదు. "పనిలో ఉన్నావు, చూసుకోలేదు. ఎండలో గంట నిలబడితే కరిగిపోతానా? అబద్ధమాడావు, అది కూడా మింగాను. పార్వతమ్మని పెట్టుకున్నాను గానీ, నువ్వొస్తే రోకలి నీ చేతికే ఇద్దామనుకున్నాను ఆ రోజు. నువ్వొచ్చి అందరి ముందూ ఆ మనిషి ఉద్యోగం తీయించానని గొప్పగా చెప్పుకున్నావు. నీ పరువు పోకూడదని నాతో సిగ్నలు లేదని చెప్పిన మనిషే అతను."

"అక్కా..."

"పళ్ళెం కోసం చూస్తున్నారే, జరుగు" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఏదో అంటుందని ఆశపడ్డాను. "భోంచేసి వెళ్ళండి" అంది. ఆ పొద్దున అందరికీ చెప్పిన మాటే.

ఆ రాత్రి కాదు, మర్నాడూ కాదు, నాలుగు రోజులు తటపటాయించి అపార్ట్‌మెంట్ల గ్రూపులో నిజం రాశాను. నొక్కింది నేనేనని, లింగమూర్తి గారి తప్పేమీ లేదని, నేను అబద్ధం చెప్పానని. కిందటిసారి డెబ్భై మంది ఎగిరిపడ్డ చోట ఈసారి పన్నెండు బొటనవేళ్ళు వచ్చాయి. వాళ్ళలో ఎంతమంది చదివారో నాకు తెలియదు. ఆ కిందే ఎవరో పాత సోఫా అమ్మకానికి పెట్టారు. మధుకర్‌కి ఫోన్ చేసి చెప్తే, "మాకు గప్పుడే ఎర్క మేడం" అన్నాడు.

ఇప్పుడు ఆషాఢం వచ్చింది, వానలు పడుతున్నాయి. మా అక్క నాతో మాట్లాడటం మానలేదు. మానితే బాగుండేది, వెళ్ళి కాళ్ళ మీద పడేదాన్ని. ఫోన్ చేస్తే ఎత్తుతుంది. భార్గవి చదువు అడుగుతుంది, మా ఆయన ఆరోగ్యం అడుగుతుంది. తనకేదైనా చెప్పాల్సి వస్తే ముందు మెసేజ్ పెడుతుంది, 'మాట్లాడటానికి వీలవుతుందా?' అని. అక్క దగ్గర నాకు వీలవ్వడమేమిటి? వాయిస్ మెసేజ్‌లో ఆ రోజు ఏదో చెబుదామనుకుని మర్చిపోయానంది కదా, అదేమిటని ఒకసారి అడిగాను. "ఏమోనే, గుర్తులేదు" అంది.

ఫోను జాబితాలో ఇప్పుడు అక్క పేరే మొదటిది. మీటింగు ఉన్నా, ఏమున్నా మోగేటట్టు పెట్టాను. పదకొండింటికి మాత్రం మోగడం లేదు. ఏం వండానో ఎవరూ అడగడం లేదు, చాలా రోజులు నేను వండడమూ లేదు. గేటు యాప్‌లో కూడా 'ఎప్పుడైనా రావచ్చు' అనే వరసలో అక్క పేరు పెట్టాను. అడగకుండానే గేటు తీస్తారు.

ఆ యాప్‌కి ఒక పద్ధతుందట. ఆ వరసలో పెట్టిన మనిషి నెల రోజులు రాకపోతే అదే అడుగుతుంది. నిన్న మీటింగులో ఉండగా చెయ్యి జివ్వుమంది. 'వీరలక్ష్మి ముప్పై రోజులుగా రాలేదు. పేరు తొలగించాలా?' కింద రెండు బటన్లు. క్లయింటు ఏదో అడుగుతున్నాడు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, తల వంచి రెండుసార్లు చదువుకుని 'వద్దు' నొక్కాను. వచ్చే నెల మళ్ళీ అడుగుతుంది. ఇప్పుడు నేను చూసే నొక్కుతున్నాను.